దైవార్చనలో పాట ఎవరిది? – గాయక బృందం పాత్ర

ఒక ఆదివారం పూజ ముగిశాక దేవాలయం మెట్లమీద ఒక పెద్దావిడ మాతో అన్న మాట ఇంకా మా చెవుల్లో ఉంది. "పిల్లలు బాగా పాడారు ఫాదరుగారూ. కాని ఈ వేళ నేను నోరు తెరవలేదు" అందావిడ. అది ఫిర్యాదు కాదు. ఆ వేళ గాయక బృందం నిజంగానే బాగా పాడింది. ఐతే మహిమ గీతానికి కొత్త బాణీ, "పరిశుద్ధుడు" గీతానికి కొత్త బాణీ. ప్రత్యుత్తర కీర్తనకు బదులు ఓ కొత్త పాట. చివరికి "ఆమెన్" కూడ మైకులోనే విన్పించింది. నలభైయేళ్ళుగా పూజలో గొంతు కలిపిన మనిషి ఆ రోజు ప్రేక్షకురాలైంది.

ఈ చిన్న సంఘటన ఓ పెద్ద ప్రశ్నను ముందుకు తెస్తుంది. దైవార్చనలో పాట ఎవరిది? బృందానిదా, ప్రజలదా? గాయక బృందం ప్రజలకు బదులుగా పాడుతుందా, లేక ప్రజలచేత పాడిస్తుందా? ఈ వ్యాసంలో బైబులు బోధను, తిరుసభ చరిత్రను, రెండవ వాటికన్ మహాసభ ఉపదేశాలను ఆధారంగా తీసికొని ఈ అంశాన్ని పరిశీలిద్దాం. తర్వాత మన తెలుగు విచారణల్లో ఏమి చేయవచ్చో చూద్దాం.

1. బైబులు సాక్ష్యం

బైబుల్లో పాట పుట్టింది రక్షణానుభవం నుండి. యిస్రాయేలీయులు సముద్రం దాటిన పిదప మోషే, ప్రజలు కలసి పాడారు. అప్పుడు మిర్యాము తంబుర చేతబట్టింది. స్త్రీలంతా ఆమె వెంట నడచి నాట్యమాడారు. ఆమె పల్లవి అందించింది (నిర్గమ 15,20-21). ఇక్కడ మిర్యాము ఒంటరిగా కచేరీ చేయలేదు. ముందు తాను పాడి ఇతరులచేత పాడించింది. బృందనాయకత్వానికి ఇదే తొలి నమూనా అని చెప్పవచ్చు.

దావీదు కాలంలో ఈ సేవకు ఓ క్రమం ఏర్పడింది. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలవారు పాటకు నియమితులయ్యారు. వారిలో శిక్షణ పొందినవారు 288 మంది అని రాజుల దినచర్య మొదటి గ్రంథం చెప్తుంది (25,7). సొలోమోను దేవాలయాన్ని ప్రతిష్ఠించినపుడు గాయకులు, బూరలూదేవారు ఏకస్వరంతో ప్రభువుని స్తుతించగా ఆయన సన్నిధి మేఘంలా మందిరాన్ని నింపింది (రెండవ గ్రంథం 5,13-14). కనుక శిక్షణ, క్రమశిక్షణ, అందం అనేవి దైవార్చనకు పరాయివి కావు.

ఐతే అదే బైబుల్లో 136వ కీర్తన కూడ ఉంది. దానిలో 26 చరణాలున్నాయి. ప్రతి చరణం చివర ఒకే పల్లవి వస్తుంది. చరణాన్ని ఒకరు పాడితే పల్లవితో ప్రజలు జవాబు చెప్పడానికి అనువైన నిర్మాణమిది. శిక్షణ పొందిన గాయకుడు, శిక్షణ లేని ప్రజలు ఒకే పాటలో ఇద్దరూ ఇమిడిపోయారు. ఈ అంశాన్ని మనం మరువకూడదు. మన వ్యాసమంతా దీని చుట్టే తిరుగుతుంది.

బైబులు ఒక హెచ్చరిక కూడ చేస్తుంది. న్యాయం లేని ప్రజల పాటలు వట్టి రొద అనీ, వాటిని తాను వినననీ ప్రభువు ఆమోసు నోట పలికించాడు (5,23). ఎంత శ్రావ్యమైన పాటకైనా విలువ దాన్ని పాడేవారి జీవితంలో ఉంది.

నూత్నవేదంలో క్రీస్తు కడపటి విందు ముగించి శిష్యులతో కీర్తన పాడి ఓలివుల కొండకు వెళ్ళాడు (మత్త 26,30). పౌలు కొలొస్సీ, ఎఫెసు క్రైస్తవులను కీర్తనలతోను గీతాలతోను ఒకరినొకరు ప్రబోధించుకోండని కోరాడు (కొలొస్సీ 3,16, ఎఫెసీ 5,19). "ఒకరినొకరు" అనే భావం ముఖ్యం. రోమను అధికారి ప్లినీ సుమారు క్రీ.శ. 112లో ట్రేజను చక్రవర్తికి వ్రాసిన జాబులో కూడ ఈ సంగతే కన్పిస్తుంది. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తుని దేవునిగా ఎంచి, ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా స్తుతి పలుకుతారని అతడు తెలియజేశాడు. అది ప్రజల పాట.

2. మిలాను నుండి ట్రెంటు వరకు

ప్రజల పాటకు చరిత్రలో గొప్ప ఉదాహరణ మిలాను నగరం. 386లో ఆరియను శాఖను సమర్థించిన జస్టీనా రాణి మిలానులోని ఓ దేవాలయాన్ని తన వారికి అప్పగించమంది. పీఠాధిపతి అంబ్రోసు ఒప్పుకోలేదు. సైనికులు చుట్టుముట్టగా ప్రజలు దేవాలయంలోనే ఉండిపోయారు. వారు దిగులుతో కుంగిపోకుండా ఉండేలా తూర్పు సంఘాల పద్ధతిలో కీర్తనలు, గీతాలు పాడించే ఆచారం అప్పుడు మొదలైంది. ఈ సంగతి చెప్పింది అగస్టీను. 387లో అదే నగరంలో అతడు జ్ఞానస్నానం పొందాడు. ఆ పాటలు విని తాను కన్నీరు కార్చానని కన్ఫెషన్స్ అనే తన ఆత్మకథ తొమ్మిదవ భాగంలో చెప్పుకొన్నాడు.

ఐతే అదే అగస్టీను పదవ భాగంలో మరో మాట కూడ చెప్పాడు. పాటలోని అర్థం కంటె గాత్రమే తనను ఎక్కువగా కదిలించినపుడు అది పాపంగా తోస్తుందనీ, అలాంటపుడు ఆ పాట వినకపోవడమే మేలనిపిస్తుందనీ అన్నాడు. చివరికి పాట వల్ల బలహీన మనస్కుల్లో కూడ భక్తి పుడుతుందని గ్రహించి దైవార్చనలో పాట ఉండటమే మంచిదని తేల్చాడు. పాట మనిషిని దేవుని దగ్గరకు చేర్చగలదు, తన దగ్గరే ఆపివేయనూగలదు. పదహారు వందల ఏళ్ళు గడచినా ఈ చిక్కు అలాగే ఉంది.

క్రమేణ పాట కొందరి చేతిలోకి వెళ్ళింది. నాల్గవ శతాబ్దపు లవొదికయ సభ నియమితులైన గాయకులే వేదిక నెక్కి గ్రంథం నుండి పాడాలని ఆజ్ఞాపించింది. రోములో స్కోలా కాంటోరుం అనే శిక్షిత గాయక బృందం ఏర్పడింది. గ్రెగోరియను గానం ఐరోపా అంతటా వ్యాపించి తిరుసభకు గొప్ప సంపద ఐంది. కాని సామాన్యులకు లతీను అర్థంకాని భాషైంది. బాణీలు సాధన చేసినవారికి తప్ప పలకని స్థాయికి పెరిగాయి. కనుక చాల చోట్ల జనం పాటలు వింటూ సొంత జపాలు చెప్పుకోసాగారు.

తర్వాత అనేక స్వరాలు ఒకేసారి పలికే బహుస్వర గానం వచ్చింది. దానిలో అందం ఉంది. కాని ఒక్కోసారి ఒకరు ఒక పదం, మరొకరు మరో పదం పాడడం వల్ల వాక్యం విన్పించేది కాదు. 1555లో మూడు వారాలు మాత్రమే పోపుగా ఉన్న రెండవ మార్సెల్లుస్ ఆ ఏటి పవిత్ర శుక్రవారం నాడు గాయకులను పిలిపించి, పాట ఆ రోజు భావానికి తగినట్లుండాలనీ పదాలు స్పష్టంగా విన్పించాలనీ చెప్పాడు. 1562లో ట్రెంటు మహాసభ పూజలో అపవిత్రమైన, కామోద్రేకకరమైన సంగీతం ఉండకూడదని శాసించింది. పాలెస్త్రీనా ఆ మార్సెల్లుస్ పేరిట కూర్చిన పూజా సంగీతం 1567లో అచ్చయింది. దానిలో ఆరు స్వరాలు పలికినా మాటలు స్పష్టంగా తెలుస్తాయి. కనుక కళను నిషేధించడం తిరుసభ ఉద్దేశం కాదు. కళ వాక్యానికి సేవ చేయాలన్నదే దాని ఉద్దేశం.

3. ఇరవయ్యవ శతాబ్దపు మలుపు

1903 నవంబరు 22న, గాయకుల పాలక పునీతురాలైన సెసీలియమ్మ పండుగనాడు, పదవ పయస్ పోపుగారు పవిత్ర సంగీతాన్ని గూర్చి ఓ శాసనం వెలువరించారు. నాటి దేవాలయాల్లోకి నాటకశాలల బాణీలు చొరబడ్డాయి. వాటిని తొలగించి గ్రెగోరియను గానాన్ని ప్రజల నోటికి తిరిగి అందించాలని ఆయన కోరారు. విశ్వాసులు దైవార్చనలో చురుకుగా పాల్గొనడం అనే భావం ఈ పత్రం ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. ఐతే ఇదే పత్రం స్త్రీలు గాయక బృందంలో చేరరాదని కూడ చెప్పింది. మిర్యాము పాడిన తిరుసభలో ఆమె కుమార్తెల గొంతుకు చోటు దక్కడానికి ఇంకా కాలం పట్టింది. 1955లో పన్నెండవ పయస్ పోపుగారు కొన్ని షరతులతో స్త్రీలను అనుమతించారు. 1967లో రోము వెలువరించిన ముసికాం సాక్రాం అనే నిర్దేశపత్రం స్త్రీపురుషులు కలసిన బృందాలను, అవసరమైన చోట స్త్రీలు మాత్రమే ఉన్న బృందాలను కూడ అంగీకరించింది. నేడు మన విచారణల్లో పాటల బరువు మోసేది చాల చోట్ల మఠకన్యలు, యువతులే.

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చనను గూర్చిన నిబంధనను ప్రకటించింది. దాని ఆరవ అధ్యాయం పూర్తిగా సంగీతాన్ని గూర్చినదే. దానిలో నాల్గు అంశాలు మనకు ముఖ్యం. మొదటిది, పవిత్ర గానం పూజకు పైపై అలంకారం కాదు, వాక్యంతో కలసి పూజలోనే అంతర్భాగం (112). రెండవది, గాయక బృందాలను శ్రద్ధతో పోషించాలి, ఐనా విశ్వాసులు తమ భాగాన్ని తామే పాడేలా చూడాలి (114). మూడవది, గురువిద్యాలయాల్లో సంగీత శిక్షణకు పెద్దపీట వేయాలి (115). నాల్గవది, సొంత సంగీత సంప్రదాయం కల ప్రజలు ఉన్న చోట ఆ సంప్రదాయానికి తగిన గౌరవం ఈయాలి (119).

కొందరు మహాసభ గాయక బృందాలను రద్దుచేసింది అనుకొంటారు. ఇది పొరపాటు. 2003లో రెండవ జాన్ పాల్ పోపుగారు పదవ పయస్ పత్రం శతవార్షికోత్సవ సందర్భంలో వ్రాస్తూ, బృందం పాత్ర మాసిపోలేదనీ, అది సమాజానికి మార్గదర్శిగా, ఊతగా ఉంటూ, కొన్ని సమయాల్లో తనకే చెందిన భాగాన్ని కూడ నిర్వహిస్తుందనీ స్పష్టం చేశారు.

4. మూడు మెట్లు

ముసికాం సాక్రాం పత్రం పూజలో పాడవలసిన వాటిని మూడు మెట్లుగా విభజించింది (28-31).

మొదటి మెట్టు: గురువు పలుకరింపు, ప్రజల జవాబు, గురువు చెప్పే ప్రార్థనలు, సువిశేష పఠనంలోని స్తుతివాక్యాలు, దివ్యసత్ప్రసాద ప్రార్థనకు ముందు గురువుకీ ప్రజలకీ నడిచే సంభాషణ, "పరిశుద్ధుడు" గీతం, ఆ ప్రార్థన ముగింపు స్తుతి, పరలోక జపం, శాంతి వచనం, పంపివేసే మాటలు.

రెండవ మెట్టు: "ప్రభూ దయచూపండి" అనే విన్నపం, మహిమ గీతం, "దేవుని గొర్రెపిల్ల" గీతం, విశ్వాస సంగ్రహం, విశ్వాసుల ప్రార్థన.

మూడవ మెట్టు: ప్రవేశ గీతం, పఠనం తర్వాతి కీర్తన, అల్లెలూయ, అర్పణ గీతం, సత్ప్రసాద గీతం మొదలైనవి.

మొదటి మెట్టు ఒక్కటే ఉన్నా చాలు. కాని మొదటిది లేకుండా రెండవదాన్నీ మూడవదాన్నీ ఉపయోగించకూడదని ఆ పత్రం చెప్పింది.

ఇప్పుడు మన విచారణల్లో జరిగేదేమిటి? చాల చోట్ల ప్రవేశ గీతం, అర్పణ గీతం, సత్ప్రసాద గీతం ఘనంగా పాడతాం. గురువు పలుకరింపు, ప్రజల జవాబు, పరలోక జపం మాత్రం గబగబ వల్లిస్తాం. అనగా మనం ఇంటికి పైకప్పు వేసి పునాది మరచాం. ప్రవేశ, అర్పణ, సత్ప్రసాద గీతాలు పూజలో ఒక పని జరిగేప్పుడు తోడుగా వచ్చేవి. గురువుకీ ప్రజలకీ మధ్య నడిచే సంభాషణ మాత్రం ఆరాధన స్వరూపంలోనిదే. పూజలో పాటలు పాడటం వేరు, పూజనే పాడటం వేరు. తిరుసభ మనలను కోరేది రెండవది.

ఈ తలక్రిందుల పద్ధతికి బృందాన్ని నిందించడం న్యాయం కాదు. సంభాషణను మొదలుపెట్టవలసింది గురువు. గురువు గొంతెత్తకపోతే ప్రజలు దేనికి బదులు పాడతారు? కనుక లోపం కొంతవరకు మా గురువిద్యాలయాలదే అని ఒప్పుకోవాలి. మా బ్రదర్లలో కీబోర్డు వాయించేవారు తయారౌతున్నారు. కాని ఆ సంభాషణను ధైర్యంగా పాడగలవారు తక్కువ.

5. బృందం చేయవలసిన పని

పూజా గ్రంథపు సాధారణ నిర్దేశిక బృందానికి రెండు బాధ్యతలు చూపుతుంది (103). తనకు చెందిన భాగాలను చక్కగా పాడటం మొదటిది. విశ్వాసులు చురుకుగా పాడేలా చేయడం రెండవది. ఈ రెండింటిలో ఏది లోపించినా సేవ కుంటుపడుతుంది. బృందం లేని చోట కనీసం ఒక గాయకుడైనా ప్రజలను నడిపించాలి (104).

బృందం ఎక్కడ నిలవాలి? అది సమాజంలో భాగమని తెలిసేలా నిలవాలి. దాని సభ్యులు సులువుగా పూజలో పాల్గొని సత్ప్రసాదాన్ని స్వీకరించడానికి వీలుండాలి (312). తర్వాతి పాట పుటను వెదకుతూ ప్రసంగాన్ని విననివారు, సత్ప్రసాదాన్ని కూడ హడావుడిగా స్వీకరించేవారు మన బృందాల్లో లేకపోలేదు. ఇతరులకు ప్రార్థన అందించేవారు తామే ప్రార్థనకు దూరం కావడం విచారకరం.

కొన్ని విషయాల్లో నియమం స్పష్టంగానే ఉంది. మహిమ గీతానికి బదులు మరో పాట పాడకూడదు (53). ప్రత్యుత్తర కీర్తన దైవవాక్యంలో భాగం కనుక దాని స్థానంలో ఇతర గీతాలు పనికిరావు (61). గురువు దివ్యసత్ప్రసాద ప్రార్థన చెప్పేప్పుడు వాద్యాలు మౌనంగా ఉండాలి (32). స్థాపన వాక్యాల సమయంలో మెల్లగా కీబోర్డు వాయించడం భక్తితోనే జరుగుతూండవచ్చు, కాని అది సరికాదు. తపస్సుకాలంలో వాద్యాలను పాటకు ఆధారంగా మాత్రమే వాయించాలి, కొన్ని పండుగ దినాలు దీనికి మినహాయింపు (313).

రికార్డు చేసిన సంగీతాన్ని గూర్చి 1958లోనే రోము హెచ్చరించింది. గ్రామఫోను, టేపురికార్డరు వంటి యంత్రాలను దైవార్చనలో వాడరాదని ఆనాటి నిర్దేశపత్రం శాసించింది. నేడు వాటి స్థానంలో సెల్‌ఫోను, ట్రాకులు వచ్చాయి. యంత్రం ప్రార్థన చేయదు. ముగ్గురు మనుషులు కంజీరతో పాడిన పాట ముప్పయి వాద్యాల ట్రాకు కంటె గొప్ప అర్పణం.

సినిమా బాణీల మాట ఏమిటి? ఒక బాణీ విన్నపుడు జనానికి ఏమి గుర్తొస్తుందన్నదే దీనికి గీటురాయి. పాట మొదలుకాగానే తెరమీది దృశ్యం మనసులో మెదిలితే ఎంత పవిత్రమైన పదాలు పెట్టినా లాభం లేదు. దైవార్చనలో ఏ పాటైనా ఒకటేనని అనుకోరాదని 2007లో పదహారవ బెనడిక్టు పోపుగారు హెచ్చరించారు. 2017లో ఫ్రాన్సిస్ పోపుగారు కూడ, మహాసభ తర్వాత ప్రజల భాష, నూతన సంగీతం ప్రవేశించినపుడు కొన్నిసార్లు నాసిరకం, పైపైతనం చోటుచేసుకొన్నాయని ఒప్పుకొన్నారు.

6. మన చేతిలో ఉన్న నిధి

పూజ తెలుగులోకి వచ్చాక పాటను ఎలా పంచుకోవాలన్న సమస్య తలెత్తింది. దీనికి జవాబు మన సంస్కృతిలోనే సిద్ధంగా ఉంది. తెలుగువారి కీర్తనలో పల్లవి, చరణాలు ఉంటాయి. చరణం మారుతూంటుంది, పల్లవి మాత్రం తిరిగి తిరిగి వస్తుంది. భజనలో ఒకరు అందిస్తే అందరూ అందుకొంటారు. బుర్రకథలో కథకుడు కథ నడిపితే ఇద్దరు వంతలు వంత పాడతారు. వంత లేకపోతే కథ సాగదు. ఐనా వంతలు కథకుని గొంతు మింగివేయరు.

136వ కీర్తన నిర్మాణం సరిగ్గా ఇదే. ప్రత్యుత్తర కీర్తన పద్ధతీ ఇదే. కనుక బృందం చరణాలను ఎంత నేర్పుగా ఐనా పాడవచ్చు, రాగాన్ని విస్తరించవచ్చు. పల్లవి మాత్రం ప్రజలది. అది చిన్నదిగా, ఒకసారి వింటే నోటికి వచ్చేదిగా ఉండాలి. అప్పుడు శిక్షణ ఉన్నవారి ప్రతిభకూ చోటు దొరుకుతుంది, శిక్షణ లేనివారి భక్తికీ చోటు దొరుకుతుంది. బృందానిదా ప్రజలదా అని మొదట వేసికొన్న ప్రశ్నకు మా జవాబు ఇదే.

పూర్వం పల్లెల్లో ఉపదేశులు తాళాలు, కంజీరలతో ఇలాగే పాడించేవారు. చదువురాని వారికి కూడ డజన్లకొద్దీ పాటలు కంఠస్థంగా ఉండేవి. పుస్తకం లేని ప్రజలకు పల్లవే పుస్తకం, పాటే జ్ఞానోపదేశం. నేడు ప్రతి వారమూ పాట మార్చి మనం ఆ పుస్తకాన్ని వారి చేతిలోనుండి లాగివేస్తున్నాం.

7. ఆచరణకు కొన్ని సూచనలు

1. గురువు పలుకరింపును, ప్రజల జవాబును రెండు మూడు స్వరాల సులువైన బాణీలో పాడటంతో మొదలుపెట్టాలి.

2. మహిమ గీతం, "పరిశుద్ధుడు", "దేవుని గొర్రెపిల్ల" గీతాలకు ఒక కాలమంతా ఒకే బాణీ ఉంచాలి. కాలం మారినపుడు బాణీ మార్చవచ్చు.

3. కొత్త పాట నెలకు ఒకటి చాలు. పూజకు పది నిమిషాల ముందు దాని పల్లవిని ప్రజలకు నేర్పాలి.

4. పల్లవి వచ్చినపుడు బృందం మైకుకు కొంచెం దూరం జరగాలి. ప్రజలు తమ గొంతు తాము వింటేనే ధైర్యంగా పాడతారు.

5. బృందం వారానికి ఒకసారి కూడినపుడు ముందుగా రానున్న ఆదివారపు పఠనాలు చదివి కొద్దిసేపు ప్రార్థించాలి. పాటల ఎంపిక ఆ తర్వాతే.

6. పాటల పదాలను విచారణ గురువు ముందుగా పరిశీలించాలి. అవి బైబులు నుండి, దైవార్చన నుండి పుట్టినవై ఉండాలి (121).

7. సత్ప్రసాద స్వీకరణం తర్వాత కొంచెంసేపు మౌనం పాటించాలి. మౌనం కూడ దైవార్చనలో భాగమే (30).

ముగింపు

గాయక బృందం విజయాన్ని దేనితో కొలవాలి? పూజ తర్వాత జనం వచ్చి "బాగా పాడారు" అంటే సంతోషమే. కాని "ఈ వేళ మేమంతా పాడాం" అంటే ఇంకా సంతోషం. మిలాను దేవాలయంలో సైనికుల మధ్య చిక్కుకొన్న ప్రజలకు అంబ్రోసు ఇచ్చింది వినడానికి సంగీతం కాదు, పాడడానికి పాట. ఆ పాటతో వారు భయాన్ని జయించారు. మన ప్రజలకు కూడ భయాలున్నాయి. అప్పులు, రోగాలు, వలస వెళ్ళిన బిడ్డలను గూర్చిన దిగులు ఉన్నాయి. ఆదివారంనాడు నోరారా పాడిన పల్లవి సోమవారం పొలంలోను, బస్సులోను, ఆసుపత్రి మంచం దగ్గరా వారికి జపమౌతుంది. ఆ పల్లవిని వారికి అందీయడమే గాయకుల పిలుపు.

మెట్లమీద మాతో మాట్లాడిన ఆ పెద్దావిడ మళ్ళీ నోరు తెరచి పాడిన రోజున ఆ విచారణలోని గాయక బృందం తన పని పూర్తిచేసినట్లే.